పులియడం, పొంగడం, నిలవడం

పిండి పులిసింది అంటాం, పిండి పొంగింది అంటాం. రోజువారీ మాటల్లో ఈ రెంటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. నిజానికి అవి రెండు వేర్వేరు పనులు. పులియడం రుచికి సంబంధించింది: పిండిలో ఆమ్లం పెరుగుతుంది. పొంగడం పరిమాణానికి సంబంధించింది: పిండిలో వాయువు చేరుతుంది. రాత్రి నీళ్ళు పోసి ఉంచిన సద్దన్నం పులుస్తుంది గానీ పొంగదు. నూనెలో వేసిన పూరీ పొంగుతుంది గానీ పులవదు. కోయంబత్తూరు, మదురై పరిసరాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతాయి. ఈ మాటల విషయంలో మాత్రం వారికి రెండు భాషలూ ఒకటే. పులుపు, పొంగు అన్న మాటల మూలాలు తెలుగుకూ తమిళానికీ ఉమ్మడి సొత్తు. పొంగల్ అన్న పండుగ పేరు కూడా ఆ పొంగులోంచి వచ్చిందే. ఈ రెండు క్రియలకు తోడుగా మూడోది ఒకటి కావాలని, అది ‘నిలవడం’ అని ఈ అధ్యాయంలో నా వాదన. ఈస్టుతో చేసే మెత్తని చిన్న బన్ను, అంటే వంట పుస్తకాల్లో డిన్నర్ రోల్ అని కనిపించేది, మెత్తగా వచ్చిందా రాయిలా వచ్చిందా అన్నది ఆ మూడో క్రియే తేలుస్తుంది. లోపల పుట్టిన వాయువు నిలవాలి. కాలాక లోపలి నీరు నిలవాలి. ఈస్టు ఈ రెండు పనుల్లో ఏ ఒక్కటీ చేయదు.

ఇందుకు సాక్ష్యంగా ఈ రెండు ఊళ్ళనే తీసుకోవడానికి కారణముంది. 1529లో విశ్వనాథ నాయకుడితో మదురై నాయకరాజ్యం మొదలైంది. ఆ కాలంలో, దానికి ముందూ వెనకా, తెలుగు నేల నుంచి కమ్మవారు, రెడ్లు, బలిజలు, రాజకంబళం నాయకులు, నేతపని వాళ్ళు అలలు అలలుగా దక్షిణానికి వచ్చారు. కోయంబత్తూరు నల్లరేగడి మీద పత్తి పండించినవాళ్ళు, మదురై చుట్టూ పాళెయాలు ఏలినవాళ్ళు, కొంగునాట ఊళ్ళ అంచున చాకిరీ చేస్తూ బతికిన తెలుగు మాట్లాడే అరుంధతీయులు, అందరూ ఈ వలసల చరిత్రలో ఉన్నారు. వీళ్ళ వంటిళ్ళలో పులియబెట్టడం నిత్యకృత్యం. గోధుమ బన్ను మాత్రం పరాయి వస్తువు. అది టీ కొట్టులో, బేకరీలో దొరికేది, ఇంట్లో చేసేది కాదు. అయినా పిండి మెత్తదనం గురించి చాలా విలువైన రెండు సాక్ష్యాలు ఈ ఊళ్ళలోనే ఉన్నాయి. ఒకటి కోయంబత్తూరు గ్రైండరులో రుబ్బిన ఇడ్లీ పిండి, రెండోది మదురై బన్ పరోటా. రెంటిలోనూ ఎవరూ ఈస్టు కలపరు. రెండూ మెత్తగానే ఉంటాయి.

ముందు ఈస్టు చేసే పనేమిటో చూద్దాం. అది ఒంటికణపు జీవి. పుట్టగొడుగుల కుటుంబానికి దూరపు చుట్టం. దాని శాస్త్రీయ నామం శాకరోమైసిస్ సెరవీసియే. అది చక్కెరను తిని కార్బన్ డయాక్సైడునూ ఆల్కహాలునూ విడుస్తుంది. ఈ మార్పు నిర్జీవమైన రసాయన చర్య కాదనీ బతికున్న కణాల పని అనీ లూయీ పాశ్చర్ 1857 నుంచి 1860 దాకా వెలువరించిన పత్రాల్లో నిరూపించాడు. కర్మాగారాల్లో ఈస్టును ఎక్కువగా పెంచేది చెరకు మొలాసిస్ మీద. కోయంబత్తూరులో 1912లో వెలసిన చెరకు ప్రజనన కేంద్రం నుంచి వచ్చిన ‘కో’ రకాలు దేశమంతా పండాయి కాబట్టి, మనం కొనే ఈస్టు పొట్లానికి ఈ ఊరితో ఆ విధంగా ఒక దూరపు బంధుత్వం ఉంది. ఇక్కడ మనకు ముఖ్యమైన సంగతి వేరే. మెత్తని బన్నులకు ఒక వాడుక కొలత ఇది: మైదా 500 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు 330 మిల్లీలీటర్లు, చక్కెర 40 గ్రాములు, వెన్న 50 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 5 గ్రాములు. సుమారు 15 బన్నులవుతాయి. ఇందులో ఈస్టును 10 గ్రాములు చేస్తే బన్ను రెట్టింపు మెత్తగా వస్తుందని చాలామంది నమ్మకం. అలా జరగదు. పొంగడానికి పట్టే సమయం తగ్గుతుంది, ఈస్టు వాసన పెరుగుతుంది, పిండి బలం చేకూర్చుకునేలోపే వాయువు తోసుకొస్తుంది. ఈస్టును 3 గ్రాములకు తగ్గించి ఎక్కువసేపు ఉంచినా బన్ను అంతే ఎత్తుకు లేస్తుంది. మోతాదు మారితే మారేది గడియారమే, మెత్తదనం కాదు.

దీనికి ఒక గట్టి రుజువు 1941లో దొరికింది. బేకర్, మైజ్ అనే ఇద్దరు పరిశోధకులు రొట్టెలోని గాలి గదులు ఎక్కడ పుడతాయని వెతికి, ఈస్టు కొత్త బుడగను ఒక్కటి కూడా పుట్టించలేదని తేల్చారు. బుడగలన్నీ పిండి కలిపేటప్పుడు, పిసికేటప్పుడు చిక్కుకున్న మామూలు గాలివే. ఈస్టు విడిచిన వాయువు ముందు పిండిలోని నీటిలో కరుగుతుంది. తర్వాత అప్పటికే ఉన్న ఆ సూక్ష్మమైన గాలి బుడగల్లోకి మెల్లగా చేరి వాటిని ఉబ్బిస్తుంది. కొత్త బుడగ పుట్టలేకపోవడానికి కారణం భౌతికశాస్త్రం. బుడగ ఎంత చిన్నదైతే దాని గోడ లోపలి వాయువును అంత గట్టిగా నొక్కుతుంది. కాబట్టి శూన్యం నుంచి బుడగను మొదలుపెట్టడం దాదాపు అసాధ్యం, ఉన్నదాన్ని పెద్దది చేయడం సులువు. గాలి తీసేసిన పాత్రలో పిండి కలిపితే, ఈస్టు ఎంత కష్టపడ్డా రొట్టెలో సన్నని మెత్తని అల్లిక రాదు, నాలుగు పెద్ద బొరియలు వస్తాయి. బన్నును చీలిస్తే కనిపించే దూదిలాంటి అల్లికకు పునాది పిసికే చేతుల్లో పడుతుంది. ఈస్టు ఆ పునాది మీద గోడలు ఎత్తే కూలీ. ఇడ్లీ పిండి రుబ్బాక చేత్తో కలపాలన్న పెద్దల మాటలో ఉన్న ఒక సత్యం కూడా ఇదే. చేతి వేడి వల్లనని చెబుతారు గానీ, వేళ్ళు పిండిలోకి తీసుకెళ్ళే గాలి, చర్మం మీది సూక్ష్మజీవులు ఆ పనిలో పాలుపంచుకుంటాయి.

బుడగ పుట్టాక, వాయువు చేరాక, దాన్ని పట్టి ఉంచేదేమిటి? గోధుమలో అయితే గ్లూటెన్. బొలోన్యాలో బెక్కారి అనే పండితుడు గోధుమపిండి ముద్దను నీళ్ళలో కడిగి, తెల్లని స్టార్చంతా కొట్టుకుపోయాక చేతిలో మిగిలిన జిగురు ముద్ద గురించి రాసిన వివరం 1745లో అచ్చయింది. ఈ ప్రయోగం ఎవరైనా ఇంట్లో చేయవచ్చు. ఒక గుప్పెడు మైదాను గట్టిగా కలిపి, అరగంట నీళ్ళలో నాననిచ్చి, గిన్నెలోని నీళ్ళలోనే మెల్లగా పిసకాలి. నీళ్ళు పాలలా తెల్లబడతాయి. నీళ్ళు మారుస్తూ పోతే చివరికి వేళ్ళ మధ్య బూడిద రంగులో, రబ్బరులా సాగే ఉండ ఒకటి మిగులుతుంది. గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు ప్రొటీన్లు నీటి సాయంతో ఒకదానికొకటి పెనవేసుకుంటే తయారైంది అది. గ్లయడిన్ సాగుడునిస్తుంది, గ్లూటెనిన్ వెనక్కి లాగే బిగువునిస్తుంది. బన్ను పిండి తగినంత పిసికామో లేదో చూడటానికి మంచి పరీక్ష ఉంది. నిమ్మకాయంత ముద్దను తీసి, రెండు చేతుల వేళ్ళతో నలువైపులా మెల్లగా లాగుతూ పోవాలి. చాలకపోతే మధ్యలో గరుకు అంచులతో పుటుక్కున తెగుతుంది. చాలితే పొర పలచబడి, అవతలి వెలుతురు, వేళ్ళ నీడ కనిపించేంతగా సాగుతుంది. ఆ పొరే రేపటి బన్నులో ఒక్కో బుడగ గోడ.

గోధుమ అన్న పేరు ఉంటే చాలదు. ఈ ప్రాంతపు వంటిళ్ళకు బాగా తెలిసిన సాంబ గోధుమ దానికి ఉదాహరణ. అది డైకాకమ్ జాతి. దానిలో 28 క్రోమోజోములుంటాయి. రొట్టెకు వాడే మామూలు గోధుమలో 42. ఆ ఎక్కువగా ఉన్న 14 ఒక అడవిగడ్డి నుంచి వేల ఏళ్ళ కిందట కలిసి వచ్చాయి. రొట్టెపిండికి బిగువునిచ్చే గ్లూటెనిన్ రకాల్లో ముఖ్యమైనవాటిని రాసే జన్యువులు వాటిలోనే ఉన్నాయి. అందుకే సాంబ గోధుమలో ప్రొటీన్ తక్కువేమీ కాకపోయినా దాని గ్లూటెన్ బలహీనం. ఉప్మాకు, సేమ్యాకు, పాయసానికి అది ఎంతో మంచి ధాన్యం. అదే పిండిలో మంచి ఈస్టు ఎంత వేసినా పుట్టిన వాయువు చీలికల్లోంచి జారిపోయి బన్ను కురచగా, బరువుగా మిగులుతుంది. ఈస్టూ అదే, వెచ్చదనమూ అదే, ఫలితం వేరు. నిలవడమే అసలు సంగతి అనడానికి ఇది నా రెండో రుజువు.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ వస్తుంది. ఇడ్లీలో గోధుమే లేదు, గ్లూటెన్ మాట అసలే లేదు. అయినా పువ్వులా వస్తుంది కదా? వస్తుంది. ఎందుకు వస్తుందో చూస్తే నా వాదన ఇంకా బలపడుతుంది. ఇడ్లీ పిండిలో పొంగుకు ముఖ్య కారణం ల్యూకోనోస్టాక్ మీసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా అని 1965లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఆ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్నీ కార్బన్ డయాక్సైడునూ కలిపే విడుస్తుంది. పులియడం, పొంగడం ఒకే జీవి చేతిలో, ఒకే రాత్రిలో జరిగిపోతాయి. మన మాటల్లో ఆ రెండూ కలగలిసిపోవడానికి ఇదే కారణమని నా నమ్మకం. ఈస్టు పిండి దగ్గరకొచ్చేసరికి ఆ జంట విడిపోతుంది. ఈస్టు వాయువునిస్తుంది, పులుపును దాదాపు ఇవ్వదు. ఇక నిలవడం సంగతి: బియ్యం ఒక్కటే రుబ్బి ఉంచితే పులుస్తుంది గానీ ఇడ్లీ కాదు. వాయువును పట్టేది మినప్పప్పు. అందులో నురగను నిలబెట్టే గ్లోబ్యులిన్ ప్రొటీన్లు, దాన్ని చెదరనివ్వని అరబినోగెలాక్టన్ అనే జిగురు ఉన్నాయని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లో చేసిన పనిలో వివరంగా తెలిసింది. మినుముకున్న ఆ జిగురే రుబ్బేటప్పుడు రోలు గోడకు తీగలా సాగేది. గ్లూటెన్ పొరలా సాగి బుడగను కప్పుతుంది, మినుము నురగలా చుట్టుకుని కప్పుతుంది. వస్తువులు వేరైనా పని ఒకటే.

కోయంబత్తూరు ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు అనే ఇద్దరు తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో చేసిన ఎలక్ట్రిక్ మోటారును దేశంలోనే తయారైన తొలి మోటారుగా చెప్పుకుంటారు. పంపులు, మోటార్లు చేయడం వచ్చిన ఊరు కాబట్టే, 1955లో పి. సభాపతి రోలును మోటారుకు తగిలించి తడి గ్రైండరును తయారుచేసినప్పుడు అది వెంటనే వేళ్ళూనింది. ఇవాళ కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మెత్తదనం విషయంలో ఆ రాయి చేసే మేలు రెండు రకాలు. అది నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పిండిని వేడెక్కనివ్వదు. తిరిగినంతసేపూ మినప్పిండిలోకి గాలిని మడిచి మడిచి ఎక్కిస్తుంది. మిక్సీలో రుబ్బిన మినప్పిండి వేడెక్కి, అంత నురగ కట్టక, తక్కువ ఒదగడానికి కారణం ఈ రెండూ లేకపోవడమే. బన్ను పిండికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. వేగంగా తిరిగే యంత్రంలో పిండి కలిపితే రాపిడికి వేడెక్కుతుంది, పిసకడం పూర్తయ్యేలోపే ఈస్టు పరుగందుకుంటుంది. పిసకడం అయిపోయాక పిండి 26, 27 డిగ్రీల దగ్గర ఉంటే మంచిదని రొట్టె పనివాళ్ళు చూసుకునేది ఇందుకే. చాలా గ్రైండర్లతో పిండి కలిపే బ్లేడు కూడా ఇస్తారు. ఇడ్లీ రుబ్బిన యంత్రమే బన్ను పిండిని మంచిగా, చల్లగా పిసకగలదు. ఆ సదుపాయాన్ని వాడుకునేవాళ్ళు తక్కువ కావడం నాకు బాధగా ఉంటుంది.

మదురై సాక్ష్యం ఇంకా సూటిగా ఉంటుంది. బన్ పరోటా పేరులో బన్ను ఉంది, ఆకారంలో బన్ను ఉంది, ఈస్టు లేదు. సాయంత్రం మదురై వీధిలో పరోటా మాస్టరు చేతులను ఒక్క నిమిషం గమనిస్తే చాలు. మైదా, ఉప్పు, కొంచెం చక్కెర, నూనె, కొన్నిచోట్ల పాలు లేదా గుడ్డు కలిపిన ముద్దలను నూనెలో ముంచినట్టుగా గంటల తరబడి ఉంచుతారు. ఆ తర్వాత ఒక ఉండను నూనె రాసిన బల్ల మీద అరచేత్తో వెడల్పు చేసి, అంచు పట్టి గాల్లోకి విసిరి బల్ల మీద కొడతారు. రెండు మూడు విసుర్లకు అది బల్ల రంగు కనిపించేంత పలచని దుప్పటిలా పరుచుకుంటుంది. వేళ్ళ మధ్య నిమ్మకాయంత ముద్దతో చేసిన పరీక్షే ఇది, బారెడు వెడల్పున. నానడంలో గ్లూటెన్ తీగలు సడలి, విసురులో తెగకుండా సాగుతాయి. ఆ పొరను గుంజి, పోగుచేసి, చుట్టచుట్టి, మందంగానే పెనం మీద వేసి సన్నని సెగన నూనె పోస్తూ కాలుస్తారు. పొరల మధ్య చిక్కుకున్న నీరు ఆవిరై వాటిని విడదీస్తుంది. మరిగే వేడి దగ్గర నీరు ఆవిరిగా మారితే దాని పరిమాణం సుమారు 1600 రెట్లు పెరుగుతుంది. పైన కరకర, లోపల దూది. ఇక్కడ పొంగించేది ఆవిరి, నిలబెట్టేది సాగిన గ్లూటెన్, పొరలు అతుక్కోకుండా కాపాడేది నూనె. పొంగించే శక్తి బ్యాక్టీరియాదైనా ఈస్టుదైనా ఆవిరిదైనా, మెత్తదనం పట్టి ఉంచే పొరను బట్టే ఉంటుందని ఇడ్లీనీ పరోటానూ బన్నునూ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

వాతావరణం మాటేమిటి? కోయంబత్తూరు సముద్రమట్టానికి 400 మీటర్లకు పైన, పాలక్కాడ్ కనుమ గాలికి ఎదురుగా ఉంది. మదురై అంతకన్నా 300 మీటర్లు కిందన, వేసవిలో 40 డిగ్రీలను తాకే ఊరు. 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఈస్టు వేగం రమారమి రెట్టింపవుతుంది. కాబట్టి ‘గంటన్నర ఉంచండి’ అని చల్లని దేశంలో రాసిన మాట డిసెంబరు కోయంబత్తూరులో సరిపోవచ్చు, మే నెల మదురైలో మోసం చేస్తుంది. అక్కడ నలభై, యాభై నిమిషాలకే ముద్ద రెట్టింపవుతుంది. గడియారం చూస్తూ కూర్చుంటే వాయువు గోడలు మోయగలిగిన హద్దు దాటిపోయి, బుడగలు ఒకదానిలోకి ఒకటి పగిలి, ఓవెన్‌లో బన్ను కుంగుతుంది. వేలితో మెల్లగా నొక్కి చూడటం మేలు. గుంట వెంటనే పూడిపోతే ఇంకా ఉంచాలి, నిదానంగా సగం పూడితే కాల్చడానికి సిద్ధం, అసలు పూడకపోతే ఆలస్యమైపోయింది. మదురై వేసవిలో పాలను ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే పోయడం, ఈస్టును 3 గ్రాములకు తగ్గించడం, అవసరమైతే ముద్దను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచడం, ఇవన్నీ పొంగును పట్టే శక్తితో సమానమైన వేగంలో నడిపించే ఉపాయాలు.

ఇడ్లీ అలవాటు ఉన్న చేయి ఇక్కడ ఒక పొరపాటు చేస్తుంది. ఇంకాస్త పులిస్తే ఇంకాస్త మెత్తబడుతుందని ఆగుతుంది. గోధుమ ముద్దను వెచ్చగా చాలాసేపు వదిలితే గాలిలోని, పిండిలోని బ్యాక్టీరియా ఆమ్లం పెంచుతాయి. ఆమ్లం పెరిగేకొద్దీ పిండిలోనే ఉన్న ప్రొటీన్లను తెంచే ఎంజైములు చురుకవుతాయి, గ్లూటెన్ జావగారుతుంది. మరి పులిసిన పిండితోనే చేసే సావర్‌డో రొట్టెలు, ఇటలీవాళ్ళ పానెటోనే ఉన్నాయి కదా, అవి మెత్తగా లేవా అని అడగవచ్చు. పానెటోనే చాలా మెత్తన. అయితే దాన్ని చేసేవాళ్ళు రోజుల తరబడి పడే శ్రమంతా మూలపిండికి తరచూ కొత్త పిండి మేపి పులుపు పెరగకుండా చూడటానికే. తగుమాత్రం ఆమ్లం రుచికి, నిల్వకు మంచిదే, నేను కాదనను. మెత్తదనం కోసం ఆమ్లాన్ని వెతకడం మాత్రం దారి తప్పడమే.

ఇంతదాకా వాయువు నిలవడం గురించి. బన్ను ఓవెన్‌లోకి వెళ్ళాక కథ మారుతుంది. లోపలి వేడి 55, 60 డిగ్రీలు చేరేసరికి ఈస్టు చచ్చిపోతుంది. 180, 190 డిగ్రీల ఓవెన్‌లో ఇది మొదటి కొద్ది నిమిషాల్లోనే జరిగిపోతుంది. తర్వాత స్టార్చ్ రేణువులు నీరు తాగి ఉబ్బి జెల్‌గా మారతాయి, గ్లూటెన్ గట్టిపడుతుంది, మూసుకున్న బుడగల గోడలు అక్కడక్కడ చిట్లి ఒకదానికొకటి దారులు ఏర్పడతాయి. నురగ స్పంజి అయిన క్షణం అది. ఇక మీదట వాయువును పట్టి ఉంచేవాళ్ళు అక్కర్లేదు, నీటిని పట్టి ఉంచేవాళ్ళు కావాలి. పచ్చి మైదా చల్లని నీటిని కొంతవరకే పీల్చగలదు. అదే పిండిని నీళ్ళలో ఉడికిస్తే తన బరువుకు ఐదు రెట్ల నీటిని పట్టుకుంటుంది. చైనా, జపాన్ దేశాల రొట్టెల్లో వాడే టాంగ్‌జోంగ్ పద్ధతి ఇదే: మొత్తం మైదాలో 25 గ్రాములు తీసి, 125 మిల్లీలీటర్ల పాలలో కలిపి, 65 డిగ్రీల దాకా, అంటే గరిటె తిప్పితే అడుగున గీత నిలిచేదాకా కాచి, చల్లారాక మిగతా పిండిలో కలపడం. మరిగే నీళ్ళలో బియ్యపురవ్వ పోసి మగ్గనిచ్చి ఉండ్రాళ్ళు చేసే ఇళ్ళకు ఈ రహస్యం కొత్తదేమీ కాదు. పచ్చి బియ్యప్పిండికి చల్లని నీళ్ళు పోస్తే ఉండ కట్టదు, కట్టినా పగులుతుంది. ఉడికిన స్టార్చే దాన్ని కలిపి పట్టి తడిగా ఉంచుతుంది. వినాయక చవితి నాడు చేసే పనిని బన్నుకు వర్తింపజేస్తే చాలు, రెండో రోజుకీ అది మెత్తగానే ఉంటుంది.

మిగిలిన దినుసుల పాత్ర కూడా ఈ కోణంలోనే అర్థమవుతుంది. చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది, కానీ పిండిలో పదో వంతు దాటితే ఈస్టు కణాల్లోని నీటినే లాగి వాటిని మందకొడి చేస్తుంది. వెన్న గ్లూటెన్ తీగల మధ్య చేరి అవి బిర్రబిగుసుకోకుండా, తేలిగ్గా తెగేలా చేస్తుంది. అందుకే వెన్నను మొదటే వేయకుండా, పిండి కొంత సాగుడు వచ్చాక కలపడం మంచిది. పాలు కాచాలన్నది చాదస్తం కాదు. పచ్చి పాలలోని ఒకరకం ప్రొటీన్లు ముద్దను జావగార్చి బన్ను ఎత్తును తగ్గిస్తాయి, బాగా కాచితే ఆ గుణం పోతుంది. మన ఇళ్ళలో పాలు ఎలాగూ పొంగేదాకా కాస్తాం కాబట్టి ఈ మేలు మనకు ఉచితంగా వచ్చింది. ఇక పళ్ళెంలో ఉండలను ఎడం లేకుండా పేర్చడం. ముంబై, గోవాల లాదీ పావ్‌లో లాగా పక్క పక్క బన్నులు పొంగి ఒకదానికొకటి ఆనుకుంటే పక్కలకు గట్టి పొర రాదు. పైభాగం ఒక్కటే ఎర్రబడుతుంది. దింపగానే వెన్న రాసి గుడ్డ కప్పితే లోపలి ఆవిరి ఆ పైపొరను కూడా మెత్తబరుస్తుంది.

బేకరీ బన్ను మెత్తదనమంతా రసాయనాల మాయేనని, ఇంట్లో అది సాధ్యం కాదని ఒక వాదం ఉంది. అందులో కొంత నిజముంది. గ్లూటెన్‌ను బిగించడానికి వాడిన పొటాషియం బ్రోమేట్‌ను ఆరోగ్య కారణాల మీద మన దేశంలో 2016లో నిషేధించారు, అది సరైన పని. అయితే బేకరీల్లో వాడేవాటి జాబితాను పని ప్రకారం చదివితే ఏం కనిపిస్తుంది? కొన్ని గ్లూటెన్ పొరను బలపరిచేవి, కొన్ని కొవ్వునూ నీటినీ కలిపి ఉంచేవి, కొన్ని స్టార్చ్ త్వరగా గట్టిపడకుండా ఆపే ఎంజైములు. అన్నీ నిలవడం కోసమే. అవే పనులు ఇంట్లో బాగా పిసకడం, కాచిన పిండి కలపడం, వెన్న వేయడం చేస్తాయి, కాకపోతే వారం రోజులకు కాదు, రెండు రోజులకు. మైదా బదులు గోధుమపిండి వాడకూడదా అన్నది ఇంకో ప్రశ్న. పీచు, పోషకాల దృష్ట్యా గోధుమపిండి మేలైనది, దాన్ని తోసిపుచ్చలేం. కానీ తవుడు ముక్కల పదునైన అంచులు గ్లూటెన్ పొరలను కోస్తాయి, తవుడు నీటినీ తనవైపు లాగేసుకుంటుంది. మూడో వంతు గోధుమపిండి కలిపి, పాలు కొంచెం పెంచి, పిసికే ముందు అరగంట నాననిస్తే తవుడు మెత్తబడి ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా గోధుమపిండితో చేసిన బన్ను మంచి ఆహారమే. అది మైదా బన్నంత మెత్తగా ఉంటుందని మాత్రం ఎవరికీ ఆశ పెట్టలేను.

మర్నాటికి బన్ను గట్టిపడితే ఆరిపోయిందంటాం. చాలావరకు అది నిజం కాదు. ఫ్రాన్సులో బుస్సాంగో 1852లోనే గాలి చొరని పాత్రలో రొట్టెను మూసి ఉంచి చూశాడు. నీరు ఏమాత్రం పోకపోయినా అది గట్టిపడింది. మళ్ళీ వేడిచేస్తే మెత్తబడింది. కాలేటప్పుడు విప్పుకుని నీటిని పట్టుకున్న స్టార్చ్ అణువులు చల్లారాక మళ్ళీ వరుసకట్టి స్ఫటికాల్లా బిగుసుకుంటాయి. నీరు బన్నులోనే ఉంటుంది గానీ, స్టార్చ్ దాన్ని వదిలేసి ఉంటుంది. ఫ్రిజ్‌లోని 4 డిగ్రీల చలిలో ఈ బిగుసుకోవడం అన్నిటికన్నా వేగంగా సాగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన ఇడ్లీ, అన్నం రాళ్ళలా మారడమూ ఇందుకే. కాబట్టి బన్నులను రెండు రోజుల్లో తినేట్టయితే డబ్బాలో మూతపెట్టి బయటే ఉంచాలి, ఎక్కువ రోజులైతే డీప్ ఫ్రీజరులో పెట్టాలి, ఆ రెంటి మధ్యనున్న ఫ్రిజ్ అరలో పెట్టకూడదు. 60 డిగ్రీలు దాటితే ఆ స్ఫటికాలు విడిపోతాయి. ఇడ్లీ పాత్ర అడుగున నీళ్ళు మరిగించి, పళ్ళెం మీద గుడ్డ పరిచి, గట్టిపడిన బన్నులను పేర్చి మూతపెట్టి రెండు మూడు నిమిషాలు ఆవిరి పట్టిస్తే, నిన్న ఓవెన్‌లోంచి తీసినప్పటి మెత్తదనం చాలావరకు తిరిగి వస్తుంది. చేత్తో తుంచితే పొరలు పొరలుగా, సెగలు కక్కుతూ విడివడతాయి.